కారు లోనుకు సంతకం పెట్టిన మనిషి చనిపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో ఒక బ్యాంకులో ఇరవై ఆరేళ్లు లోన్ల సీట్లో కూర్చుని రిటైరయ్యాను. ఇప్పటికీ సత్యనారాయణపురంలో మా ఇంటికి ఎవరో ఒకరు లోను కాగితాలు పట్టుకుని వస్తూనే ఉంటారు. నన్ను ఎక్కువ బాధపెట్టేవి చావు జరిగిన ఇంటి నుంచి వచ్చే కాగితాలు. మనిషి పోయిన దుఃఖం తీరనే తీరదు, ఈలోగా ‘ఆ కారు అప్పు ఇప్పుడు ఎవరి మెడకు చుట్టుకుంటుంది’ అన్న భయం పట్టుకుంటుంది. అందరూ అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. వాటిని అడిగిన మాటల్లోనే పెట్టి, నేను చెప్పే జవాబులు రాస్తున్నాను.

మా అన్నయ్య ఎవరి కారు లోనుకో సంతకం పెట్టాడని తెలుసు. ఏ హోదాలో పెట్టాడో తెలియదు. అందులో తేడా ఉంటుందా?

తేడా అంతా అందులోనే ఉంది. మనవాళ్లు అన్ని సంతకాలనూ కలిపి ‘షూరిటీ సంతకం’ అనేస్తారు. కాగితం మీద మాత్రం అవి వేరు వేరు. కో-అప్లికెంట్‌గా పెడితే మీ అన్నయ్య కూడా ఆ లోను తీసుకున్నవాడే. కారు ఎక్కినా ఎక్కకపోయినా సరే, మొదటి రూపాయి నుంచి బాకీదారే. షూరిటీగా, అంటే గ్యారంటర్‌గా పెడితే ‘అతను కట్టకపోతే నేను కడతాను’ అని మాట ఇచ్చినట్టు. ఇక మూడోది సాక్షి సంతకం. సాక్షికి అప్పుతో ఏ సంబంధమూ లేదు. ‘ఫలానా మనిషి నా ఎదుట సంతకం పెట్టాడు’ అని చెప్పడం వరకే అతని పని. సాక్షిగా పెట్టిన సంతకాన్ని షూరిటీ అనుకుని, కొంపలు మునిగాయని ఏడుస్తూ వచ్చిన కుటుంబాలను చూశాను. ఒప్పందం చివరి పేజీ తిప్పి చూస్తే ఆ ఏడుపు అక్కడితో ఆగింది.

కాబట్టి ముందు లోను ఒప్పందం కాపీ, శాంక్షన్ లెటరు సంపాదించండి. లోను తీసుకున్న మనిషి దగ్గర ఉంటాయి. అతను ఇవ్వకపోతే, చనిపోయినవారి వారసులుగా బ్రాంచికి ఉత్తరం రాసి అడగండి. ఆర్‌సీలో వెతికితే దొరకదు. అందులో ఓనరు పేరు, అప్పిచ్చిన సంస్థ పేరు ఉంటాయి తప్ప షూరిటీ పేరు ఉండదు.

షూరిటీ చనిపోయాడు కాబట్టి లోను మొత్తం ఒకేసారి కట్టమంటారా?

అడిగే హక్కు ఒప్పందంలో ఉండొచ్చు. చాలా ఒప్పందాల్లో షూరిటీ చనిపోయినా, దివాలా తీసినా మిగతా బాకీ మొత్తం అడగవచ్చని, లేదా కొత్త షూరిటీని కోరవచ్చని ఒక క్లాజు రాస్తారు. నా అనుభవంలో వాయిదాలు తేదీకి పడుతున్న లోనును ఈ ఒక్క కారణంతో ఎవరూ కదిలించరు. వాయిదాలు తప్పుతున్న లోనైతే ఆ క్లాజుకు ప్రాణం వస్తుంది. అప్పు మాత్రం ఎవరు పోయినా పోదు. లోను తీసుకున్న మనిషి బతికి ఉన్నంతకాలం కట్టాల్సింది మొదట అతనే.

మా నాన్నగారు తన స్నేహితుడి కారుకు షూరిటీ ఉన్నారు. నాన్నగారు పోయారు. నేను ఒక్కడినే కొడుకుని. నేను కట్టాలా?

ఈ ప్రశ్నకు ‘కట్టాలి’ అనో ‘కట్టక్కర్లేదు’ అనో ఒక్క ముక్కలో చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

నాన్నగారి హామీ ఆయనతో పోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 37వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప, మనిషి ఇచ్చిన మాట అతని వారసులకూ వర్తిస్తుంది. అయితే ఎంతవరకు? సివిల్ ప్రొసీజర్ కోడ్ 50, 52 సెక్షన్లు ఆ హద్దు గీశాయి. చనిపోయిన మనిషి ఆస్తిలో మీ చేతికి ఎంత వచ్చిందో అంతవరకే. మీ జీతం, మీరు కొనుక్కున్న ఫ్లాటు, మీ భార్య నగలు ఆ లెక్కలోకి రావు.

లెక్కేసి చూద్దాం. 8 లక్షల లోను, 9.5 శాతం వడ్డీ, 60 నెలలు. నెలకు వాయిదా సుమారు 16,800. రెండేళ్లు సరిగ్గా కట్టాక మిగిలే అసలు సుమారు 5 లక్షల 24 వేలు. అక్కడ స్నేహితుడు చేతులెత్తేశాడనుకోండి. నాన్నగారి పేరున బ్యాంకులో 2 లక్షలు ఉండి అది మీకు వచ్చి ఉంటే, మీ మీద పడగలిగేది ఆ 2 లక్షల వరకే. నాన్నగారు ఏమీ మిగల్చకుండా పోయి ఉంటే మీ నుంచి రాబట్టేది సున్నా. అదే ఆయన పేరున కానూరులో 150 గజాల స్థలం ఉండి అది మీకు సంక్రమిస్తే మాత్రం మొత్తం బాకీకి ఆ స్థలం జవాబు చెప్పాల్సి రావచ్చు. ఉమ్మడి ఆస్తిలో ఆయన వాటా మీకు వచ్చినా అంతే.

‘తండ్రి అప్పు కొడుకు తీర్చాలి, లేకపోతే ఆయన ఆత్మ శాంతించదు’ అనే మాట చావు ఇంట్లో చాలామంది అంటారు. పెద్దలు అంటే అది వాళ్ల నమ్మకం, దాన్ని నేను గౌరవిస్తాను. వసూలుకు వచ్చినవాడు అంటే మాత్రం అది బెదిరింపు. తండ్రి బాకీ తీర్చడం కొడుకు ధర్మం అన్న ఒక్క కారణంతో కొడుకు మీద కోర్టుకు వెళ్లే వీలును 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ తీసేసింది. 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పులకు ఇది వర్తిస్తుంది. ఇప్పుడు నడుస్తున్న కారు లోన్లన్నీ ఆ తర్వాతవే.

ఒక్క జాగ్రత్త. బాకీ ఉందని తెలిసి నాన్నగారి డబ్బు హడావిడిగా ఖర్చుపెట్టేసి ‘ఏమీ లేదు’ అంటే కుదరదు. ఆ డబ్బు ఎటు పోయిందో చూపలేకపోతే, అంతవరకు కోర్టు మిమ్మల్నే బాధ్యుడిని చేయగలదు. ఆస్పత్రి బిల్లులు, కర్మకాండల ఖర్చులు, ఇతర బాకీలు అన్నింటి రసీదులు ఒక ఫైల్లో పెట్టండి.

నాన్నగారి పీఎఫ్, ఎల్‌ఐసీ డబ్బులు కూడా తీసుకుంటారా?

పీఎఫ్ డబ్బు నామినీకి అప్పుల నుంచి విముక్తంగా చేరుతుందని పీఎఫ్ చట్టంలోనే రాసి ఉంది. పాలసీ విషయంలో, ‘వివాహిత స్త్రీల ఆస్తి చట్టం’ కింద భార్యాపిల్లల పేరున తీసుకున్న పాలసీ అయితే అది ఆయన ఆస్తి కిందికే రాదు, అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. పాలసీ బాండు మీద ఆ చట్టం మాట ఉందేమో చూడండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు మాత్రం ఆయన ఆస్తే. అందులోనూ లోను ఇచ్చిన బ్యాంకులోనే డిపాజిట్ ఉంటే, దాన్ని బాకీకి జమ చేసుకుంటామని బ్యాంకు అనే అవకాశం ఎక్కువ.

ఫైనాన్స్ కంపెనీ మనిషి వచ్చి ‘ఫార్మాలిటీ అమ్మా’ అని మా అమ్మ చేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటానంటున్నాడు. పెట్టొచ్చా?

వద్దు. ఈ పేజీ రాయాలని నాకు అనిపించిందే ఈ ప్రశ్న వల్ల, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మా బాబాయి గుంటూరు కొత్తపేటలో ఉండేవారు. స్నేహితుడి కొడుకు ట్రావెల్స్‌కు కారు కొనుక్కుంటుంటే షూరిటీ పెట్టారు. బాబాయి పోయిన తొమ్మిదో రోజున, ఇంకా పెద్దకర్మ కూడా కాకముందే, అప్పిచ్చిన కంపెనీ తరఫున ఒక కుర్రాడు వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడట. ‘బాబాయిగారి పేరు తీసేయాలి పిన్నిగారూ, రికార్డు కోసం ఒక సంతకం’ అన్నాడట. పిన్ని చదవకుండా నాలుగు చోట్ల పెట్టింది. అప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. వంటవాళ్లతో మాట్లాడుతూ పెరట్లో ఉన్నాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను తొలుస్తూనే ఉంటుంది.

అవి పేరు తీసేసే కాగితాలు కావు. పిన్నిని కొత్త షూరిటీగా చేర్చే హామీ పత్రం. ఆ సంతకానికి ముందు ఆమె బాధ్యత బాబాయి ఆస్తిలో ఆమెకు వచ్చినంత వరకే, ఆయన మిగిల్చిందేమో చాలా కొద్ది. ఆ సంతకం తర్వాత ఆమె సొంత పెన్షను, ఆమె పుట్టింటివాళ్లు ఇచ్చిన అరెకరం కూడా ఆ కారు అప్పుకు హామీ అయిపోయాయి. ట్రావెల్స్ నడవక ఆ అబ్బాయి వాయిదాలు ఆపేశాడు. ఏడు వాయిదాలు పిన్ని కట్టింది. వాటిలో మూడింటి డబ్బే ఇప్పటికి వెనక్కి వచ్చింది.

అందుకే చెబుతున్నాను. ఎవరైనా కాగితాలు తెస్తే ‘ఇక్కడ పెట్టి వెళ్లండి, చదివి చెబుతాం’ అనండి. ఇవ్వనంటే అది సంతకం పెట్టదగ్గ కాగితం కాదు. మనిషి చనిపోయాడని బ్యాంకు రికార్డులో నమోదు చేయడానికి మీరు ఇవ్వాల్సింది మరణ ధ్రువీకరణ పత్రం, ఒక ఉత్తరం. దానికోసం హామీ పత్రం మీద సంతకం అక్కర్లేదు. ‘బాకీ ఇంత ఉందని ఒప్పుకుంటున్నాను’ అని కూడా రాసివ్వకండి. అప్పు మీద దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది. ఆ గడువు తీరకముందు బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

అయితే అసలు చెప్పకుండా ఊరుకుంటే? వాయిదాలు పడుతున్నాయి కదా.

ఊరుకోకండి. సంతకం పెట్టకపోవడం వేరు, సంగతి దాచడం వేరు. బ్రాంచి మేనేజరు పేరున ఉత్తరం రాయండి: లోను నంబరు, చనిపోయినవారి పేరు, తేదీ, ఆయన ఏ హోదాలో సంతకం పెట్టారు, ఈ రోజుకు బాకీ ఎంత, లోనుతో పాటు ఇన్సూరెన్సు ఏమైనా ఉందా. మరణ పత్రం జిరాక్సు జత చేయండి. రెండో కాపీ మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

దీనివల్ల ఇంకో మేలుంది. లోను తీసుకున్న మనిషి తర్వాత టాప్-అప్ (పాత లోను మీదే అదనపు అప్పు) తీసుకున్నా, కొత్తగా అప్పు పెంచుకున్నా ఆ భారం చనిపోయినవారి ఆస్తి మీదికి రాకుండా తేదీతో సహా మీ దగ్గర సాక్ష్యం ఉంటుంది. ‘షూరిటీ చనిపోతే హామీ రద్దవుతుంది’ అని ఎక్కడో చదివి కొందరు వస్తుంటారు. కాంట్రాక్టు చట్టం 131వ సెక్షన్ చెప్పేది ఇలా ముందు ముందు జరగబోయే లావాదేవీల గురించి. అదీ ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతేనే. కారు లోనులో డబ్బంతా మొదటే ఇచ్చేస్తారు కాబట్టి పాత బాకీ ఆ సెక్షన్‌తో పోదు.

నేనూ మా ఆయనా కలిసి లోను తీసుకున్నాం. ఆయన పోయారు. సగం నేను కడితే చాలా?

చాలదమ్మా. కలిసి మాట ఇచ్చిన ఇద్దరిలో ఎవరి నుంచైనా మొత్తం వసూలు చేసుకోవచ్చని కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ చెబుతోంది. బ్యాంకు ఎదుట సగం-సగం అన్న లెక్క లేదు.

మీకు ముందు వచ్చి పడే ఇబ్బంది వేరే ఉంది. వాయిదా ఏ ఖాతా నుంచి పోతోంది? ఆయన ఒక్కరి పేరున ఉన్న ఖాతా నుంచైతే, మరణం సంగతి తెలియగానే ఆ ఖాతాను ఆపేస్తారు. ఖాతాలో డబ్బున్నా వాయిదా వెనక్కి వచ్చేస్తుంది. బౌన్స్ చార్జీ పడుతుంది, ఆలస్యపు చార్జీ పడుతుంది, మీ సిబిల్‌లోనూ, అంటే అప్పులు ఎలా కట్టారో చూపే రికార్డులోనూ మచ్చ పడుతుంది. ఆ పాపం మీది కాదు, కానీ శిక్ష మీకే. కాబట్టి మరణం సంగతి తెలియజేసే రోజునే మీ సొంత ఖాతా నుంచి వాయిదా పోయేలా కొత్త మ్యాండేట్ (బ్యాంకుకు రాసిచ్చే అనుమతి) ఇవ్వండి. అది అమల్లోకి వచ్చేలోగా వచ్చే వాయిదాను కౌంటర్లోనో ఆన్‌లైన్‌లోనో లోను ఖాతాకు నేరుగా కట్టేయండి. వాయిదా 90 రోజులు దాటి నిలిచిపోతే అది మొండి బాకీ లెక్కలోకి పోతుంది. అక్కడి నుంచి మాట్లాడేవాళ్ల గొంతు మారిపోతుంది.

నెలకు అంత కట్టలేనని అనిపిస్తే, ఒక్క వాయిదా కూడా తప్పకముందే వెళ్లి గడువు పెంచి వాయిదా తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. నా సీటు ముందుకు అలా ముందుగా వచ్చినవాళ్లకు ఏదో ఒక దారి చూపించగలిగాను. నాలుగు వాయిదాలు తప్పాక వచ్చినవాళ్లకు చూపించలేకపోయాను.

కారు చనిపోయినవారి పేరునే ఉంది. వాడుకోవచ్చా?

చనిపోయినవారు షూరిటీ మాత్రమే అయితే ఈ ప్రశ్నే లేదు, ఆర్‌సీకి ఏమీ కాదు. కారు ఓనరే చనిపోతే మాత్రం రెండు గడువులు గుర్తుపెట్టుకోండి. కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989లో 56వ నియమం ప్రకారం 30 రోజుల్లో రవాణా శాఖకు మరణం సంగతి, కారు మీరు వాడుకుంటామన్న సంగతి తెలపాలి. అలా తెలిపితే మూడు నెలలు వాడుకోవచ్చు. ఆ మూడు నెలల లోపు ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. పాత ఏపీ 16, ఏపీ 07 నంబరైనా, 2019 తర్వాత వచ్చిన ఏపీ 39 నంబరైనా పద్ధతి ఇదే. లోను ఉన్న బండి కాబట్టి అప్పిచ్చిన సంస్థ సమ్మతి కూడా కావాలి. దానికి వాళ్లు వాయిదాలు ఎవరు కడతారో ముందు తేల్చమంటారు. ఆర్‌సీలో నామినీ పేరు ముందే రాయించి ఉంటే పని తేలిక. ఈ సౌకర్యం 2021లో వచ్చింది, రాయించుకున్నవాళ్లు నాకైతే పెద్దగా తగల్లేదు.

కారు ఇన్సూరెన్సుకూ ఇలాంటి హద్దే ఉంది. ఓనరు చనిపోయాక పాలసీ వెంటనే రద్దు కాదు. మూడు నెలలు, లేదా పాలసీ గడువు, ఏది ముందైతే అంతవరకు నడుస్తుంది. ఈలోగా వారసుల పేరుకు మార్పించుకోవాలి. నాలుగో నెలలో బందరు రోడ్డు మీద ఎవరికైనా తగిలితే లోను బాకీ కంటే పెద్ద బాకీ నెత్తిన పడుతుంది.

లోనుకు ఇన్సూరెన్సు ఉంటుంది కదా, అప్పు దానితోనే తీరిపోదా?

ఉంటే, అదీ చనిపోయిన మనిషి ప్రాణం మీద ఉంటే. లోను ఇచ్చేటప్పుడు లోను రక్షణ పాలసీ అని ఒకటి అంటగట్టి ప్రీమియం లోనులోనే కలిపేస్తుంటారు. తీసుకున్నవాళ్లకే గుర్తుండదు. లోను స్టేట్‌మెంటులో మొదటి పేజీ చూడండి, డబ్బు ఇచ్చిన రోజున ప్రీమియం కోసిన పద్దు కనిపిస్తుంది. సాధారణంగా అది లోను తీసుకున్న ముఖ్య వ్యక్తి ప్రాణం మీదే ఉంటుంది. కో-అప్లికెంటును చేర్చారో లేదో సర్టిఫికెట్‌లో ఉంటుంది. షూరిటీ ప్రాణం మీద నేనెప్పుడూ చూడలేదు.

ఓనరు కారు నడుపుతూ ప్రమాదంలో చనిపోతే ఇంకొకటి అడగండి. కారు పాలసీలో యజమాని-డ్రైవరు ప్రమాద బీమా 15 లక్షలు ఉంటుంది. అది తప్పనిసరిగా తీసుకోవాల్సిన బీమా. చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటే ఆ డబ్బు నామినీకి వస్తుంది. దుఃఖంలో దీన్ని అడగడం మరిచిపోయిన కుటుంబాలున్నాయి.

కొత్త షూరిటీని తెమ్మంటున్నారు. తేకపోతే ఏం చేస్తారు?

ఈ మాట అడగాల్సింది లోను తీసుకున్న మనిషిని. చనిపోయిన షూరిటీ కుటుంబాన్ని కాదు. ‘మీ ఇంట్లోంచే ఇంకొకరిని ఇవ్వండి’ అంటే ‘మాకు అవసరం లేదు’ అని ధైర్యంగా చెప్పండి. లోను మీదే అయితే, వాయిదాలు సవ్యంగా ఉన్న స్టేట్‌మెంటు చూపించి, కారు విలువ బాకీ కంటే ఎక్కువ ఉందని చెప్పి, షూరిటీ లేకుండానే కొనసాగించమని అడగండి. ఒప్పుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. తప్పనిసరై ఎవరినైనా అడగాల్సి వస్తే, ఈ పేజీ వాళ్ల చేత చదివించి అడగండి. బావమరిది కదా, కాదనడులే అన్న మొహమాటం మీద తీసుకున్న సంతకాలే తర్వాత ఇళ్లను విడగొడతాయి.

రికవరీ వాళ్లు పొద్దున్నే ఫోన్లు, ఇంటి ముందు అరుపులు. ఏం చేయాలి?

ఉదయం 8 గంటల ముందు, రాత్రి 7 గంటల తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా చెప్పింది. బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, చుట్టాలకూ పక్కింటివాళ్లకూ ఫోన్లు చేసి పరువు తీయకూడదు. బలప్రయోగంతో బండ్లు లాక్కోవడాన్ని సుప్రీం కోర్టు 2007లోనే గట్టిగా తప్పుపట్టింది. వచ్చినవాడి గుర్తింపు కార్డు, సంస్థ ఇచ్చిన అధికార పత్రం అడగండి. ఫోన్ కాల్స్ రికార్డు చేయండి. సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సమాచారానికి 14448 నంబరు ఉంది. చేయి చేసుకున్నా, ఇంట్లోకి దూసుకొచ్చినా అది బ్యాంకు విషయం కాదు, పోలీసు విషయం. 112కు ఫోన్ చేయండి.

ఈ గొడవంతా ఎందుకు, కారు అప్పజెప్పేస్తే అయిపోదా?

అయిపోదు. పై లెక్కలోని 5 లక్షల 24 వేల బాకీనే తీసుకోండి. వాళ్లు కారు వేలం వేస్తే 3 లక్షల 90 వేలు వచ్చిందనుకుంటే ఇంకా 1 లక్షా 34 వేలు తక్కువ. దాని మీద యార్డు చార్జీలు, వేలం ఖర్చులు. ఆ తేడా కోసం లోను తీసుకున్న మనిషి వెంట పడతారు, అక్కడ రాకపోతే షూరిటీ ఆస్తి వైపు చూస్తారు. వేలంలో కారుకు మంచి ధర రావడం నేను అరుదుగా చూశాను. సంస్థ సమ్మతితో మీరే కొనేవాళ్లను చూసుకుని, ఆ డబ్బు నేరుగా లోను ఖాతాకు కట్టించడం ఎప్పుడూ మేలు. ఆటోనగర్‌లో ఇద్దరు ముగ్గురికి చూపిస్తే అసలు ధర ఎంతో తెలిసిపోతుంది.

నాన్న షూరిటీ వల్ల మేం కట్టాల్సి వచ్చింది. ఆ డబ్బు లోను తీసుకున్నాయన నుంచి రాబట్టుకోగలమా?

హక్కు పూర్తిగా ఉంది. షూరిటీ కట్టిన న్యాయమైన సొమ్మును అసలు బాకీదారు తిరిగి ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 145వ సెక్షన్ అంటుంది. బాకీ మొత్తం మీరే తీరిస్తే, కారు మీద బ్యాంకుకు ఉన్న హక్కులు మీకు వస్తాయని 140వ సెక్షన్ అంటుంది. ఇద్దరు షూరిటీలుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు భారం ఇద్దరి మీదా సమానం. అయితే నగదు చేతికి ఇవ్వకండి. మీ ఖాతా నుంచి లోను ఖాతాకే పంపండి. రసీదు మీద ‘షూరిటీ వారసుల తరఫున కట్టినది’ అని రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం లేక, కట్టింది సాయమా బాకీయా అని తర్వాత వాదనలు నడిచాయి.

కోర్టుకు వెళ్లేముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. విజయవాడ, గుంటూరు రెండు చోట్లా కోర్టు ఆవరణల్లో వివరాలు చెబుతారు. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో మాట్లాడించి రాజీ చేయించవచ్చు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సహాయం ఉచితం. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. మా పిన్నికి ఆ మూడు వాయిదాల డబ్బు వచ్చింది అలాంటి రాజీ వల్లే.

ఈ పనులకు ఏయే కాగితాలు, ఎక్కడ తీసుకోవాలి?

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించండి. ఆస్పత్రిలో పోతే ఆస్పత్రివాళ్లే పంపుతారు, ఇంట్లో పోతే మీరే వెళ్లాలి. ఆలస్యమయ్యేకొద్దీ అనుమతులు పెరుగుతాయి. ఒరిజినల్ కాపీలు ఐదారు తీసుకోండి, ప్రతిచోటా అడుగుతారు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెడితే తహసీల్దారు కార్యాలయం విచారించి ఇస్తుంది. పేరు స్పెల్లింగు ఆధార్‌లో ఒకటి, ఆర్‌సీలో ఒకటి, లోను కాగితాల్లో ఒకటి ఉండటం మన దగ్గర మామూలు. దరఖాస్తు పెట్టకముందే మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. 2022 ఏప్రిల్‌కు ముందు విజయవాడ కాగితాల మీద కృష్ణా జిల్లా అని, ఆ తర్వాతి వాటి మీద ఎన్‌టీఆర్ జిల్లా అని ఉంటుంది. దానికి కంగారు పడక్కర్లేదు.

చనిపోయిన షూరిటీ వల్ల మా సిబిల్ దెబ్బతింటుందా?

వారసులుగా మీ పేరు ఆ లోనులో ఎక్కదు కాబట్టి మీ సిబిల్‌కు ఏమీ కాదు. కొత్త హామీ పత్రం మీద సంతకం పెడితే ఎక్కుతుంది. అనుమానం ఉంటే ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇచ్చే పూర్తి రిపోర్టు తీసి, మీకు తెలియని లోను కనబడుతుందేమో చూడండి.

లోను తీరిపోయింది. ఇంకేమైనా చేయాలా?

ఎన్‌ఓసీ (తమకు అభ్యంతరం లేదని సంస్థ ఇచ్చే పత్రం), ఫారం 35 (కారు మీద అప్పు ముగిసిందని రవాణా శాఖకు చెప్పే ఫారం) తీసుకుని ఆర్‌సీలో ఆ సంస్థ పేరు కొట్టేయించాలి. లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు తిరిగి ఇవ్వాలి. సంస్థ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. బాకీదారు చనిపోతే పత్రాలు వారసులకు ఎలా అందించాలో కూడా ప్రతి సంస్థా ముందే పద్ధతి రాసి పెట్టుకోవాలి. చనిపోయిన షూరిటీ కుటుంబం కూడా ఒక ఉత్తరం అడిగి తీసుకోవాలి: ఫలానా లోను పూర్తిగా తీరింది, ఫలానావారి హామీ ముగిసింది అని. బ్యాంకులు తమంతట తాము ఇది ఇవ్వవు, అడిగితే ఇస్తాయి. మా పిన్ని దాన్ని లామినేషన్ చేయించి బాబాయి మరణ పత్రం ఉన్న కవర్లోనే పెట్టుకుంది.